ఐకాన్ నొక్కితే ఏమీ జరగడం లేదు: ఉబుంటు 24.04లో తెలుగు ఓసీఆర్ ప్రోగ్రాము తెరుచుకోవడం లేదు

శాఖా_గ్రంథపాలకుడు | 11 నవంబరు 2025, ఉదయం 11.20

అందరికీ నమస్కారం. నేను బాపట్ల జిల్లాలో ఒక మండల కేంద్రంలోని గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మా దగ్గర నాలుగు పాత కంప్యూటర్లు ఉన్నాయి. పోయిన నెల 14వ తేదీతో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసిపోయింది. ఇవి విండోస్ 11కు సరిపోయే యంత్రాలు కావు కాబట్టి నాలుగింటిలోనూ ఉచితంగా దొరికే లైనక్స్ వ్యవస్థ అయిన ఉబుంటు 24.04 ఎక్కించుకున్నాము. రాయడం, చదవడం, స్కాన్ చేయడం అన్నీ బాగానే జరుగుతున్నాయి.

ఇబ్బంది ఒక్కచోటే వచ్చింది. అట్టలు ఊడిపోయి, ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలిపోతున్న పాత పుస్తకాలను స్కాన్ చేసి, ఆ బొమ్మల్లోని అక్షరాలను యూనికోడ్ పాఠంగా మార్చాలన్నది మా ప్రయత్నం. అందుకోసం ఉచితంగా దొరికే ఒక ఓసీఆర్ ప్రోగ్రామును దించుకున్నాను. అది యాప్‌ఇమేజ్ రూపంలో, ఒకే ఫైలుగా వచ్చింది. ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ఆ ఫైలును ప్రోగ్రాముగా నడపడానికి అనుమతి కూడా ఇచ్చాను. అయినా రెండుసార్లు నొక్కితే ఏమీ జరగడం లేదు. ఎర్రర్ పెట్టె రాదు, కిటికీ తెరుచుకోదు. క్షణంసేపు మౌస్ గుర్తు తిరిగి ఆగిపోతుంది. రెండుసార్లు తీసేసి మళ్ళీ దించుకున్నాను, ఫలితం లేదు. దయచేసి దారి చూపించగలరు.

గోదారి_గట్టు | 11 నవంబరు 2025, మధ్యాహ్నం 12.05

నమస్కారం గ్రంథపాలకుడు గారూ. ప్రోగ్రాము మీకు ఏదో చెబుతూనే ఉంది, కానీ ఐకాన్ నొక్కి తెరిచినప్పుడు ఆ మాట వినిపించే చోటు లేదు. అదే ఫైలును టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) నుంచి నడిపితే ఆగిపోయే ముందు అది రాసిన వాక్యాలు మీకు కనిపిస్తాయి. ఫైలు ఉన్న ఫోల్డరులో ఖాళీ చోట కుడి బటన్ నొక్కి టెర్మినల్ తెరవండి. ఒక చుక్క, ఒక గీత (/), ఆ వెంటనే ఫైలు పేరు టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వచ్చినదంతా ఒక్క అక్షరం వదలకుండా ఇక్కడ రాయండి. సారాంశం రాయవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి వాటిలో ఫైలు పేరు చివర ఉండే అంకె ఒక్కటి మారినా మందు మారిపోతుంది.

ఈ వేదికకు కొత్తవారి కోసం ఒక మాట. మనం ఇక్కడ కమాండ్లను కూడా తెలుగు లిపిలోనే రాసుకుంటున్నాము. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైప్ చేయాలి.

శాఖా_గ్రంథపాలకుడు | 11 నవంబరు 2025, మధ్యాహ్నం 2.40

మీరు చెప్పినట్టే చేశాను. మొదటి వాక్యం ఇది: 'డీఎల్‌ఓపెన్: ఎర్రర్ లోడింగ్ లిబ్‌ఫ్యూజ్.ఎస్ఓ.2'. దాని కింద, యాప్‌ఇమేజ్‌లు నడవడానికి ఫ్యూజ్ కావాలని ఉంది. ఆ తర్వాత, ఎక్స్‌ట్రాక్ట్ అనే ఆప్షన్‌తో నడిపితే ఈ ఫైలులోని సరుకును విప్పుకోవచ్చని ఉంది. ఫ్యూజ్ అంటే కరెంటు ఫ్యూజు తప్ప నాకు మరొకటి తెలియదు.

తీరాంధ్ర_నెట్ | 11 నవంబరు 2025, మధ్యాహ్నం 3.15

ఇది నాకూ వచ్చింది. ఉబుంటులో లిబ్‌ఫ్యూజ్3 ముందే ఉంటుంది. అడుగుతున్నది 2 కాబట్టి, ఉన్న 3 ఫైలుకు 2 అనే పేరుతో ఒక లింకు కట్టేస్తే సరిపోతుంది. కొత్తది పాతదాని కన్నా మెరుగైనదే కదా.

శాఖా_గ్రంథపాలకుడు | 11 నవంబరు 2025, సాయంత్రం 4.30

పై సలహా ప్రకారం మొదటి కంప్యూటర్‌లో లింకు కట్టి చూశాను. ఎర్రర్ మాట మారింది గానీ ప్రోగ్రాము తెరుచుకోలేదు. ఇప్పుడు నేను ఉన్నదాన్ని కూడా పాడుచేశానేమోనని భయంగా ఉంది.

మూలం_చదువరి | 11 నవంబరు 2025, సాయంత్రం 6.10

భయపడవలసిన పని లేదండీ, ఆ లింకును తీసేస్తే మీ వ్యవస్థ యథాస్థితికి వస్తుంది. ముందుగా ఎల్‌ఎస్ కమాండుకు మైనస్ ఎల్ జోడించి, మీరు కట్టినది నిజంగా లింకేనా, బాణం గుర్తు 3 వైపు చూపిస్తున్నదా అని సరిచూసుకోండి. ఆ తర్వాతే దాన్ని తొలగించండి. ఈ రెండో మెట్టుకు తొందరపడకూడదు, ఎందుకంటే ఆ ఫోల్డరులో మరొక ఫైలు పొరపాటున పోతే ఇబ్బంది పెద్దదవుతుంది.

తీరాంధ్ర గారు సదుద్దేశంతోనే చెప్పారు, కానీ ఆ ఆలోచన ఎందుకు సరికాదో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వేదికలోనే ఇలాంటి సలహాలు పది చోట్ల కనిపిస్తాయి. లైనక్స్ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడ్ ఫైలు) పేరులో ఎస్ఓ తర్వాత వచ్చే అంకె అలంకారానికి పెట్టినది కాదు. ఆ లైబ్రరీకి, దాన్ని వాడుకునే ప్రోగ్రాముకు మధ్య కుదిరిన ఒప్పందానికి అది గుర్తు. ఫలానా పేరుతో ఫలానా ఫంక్షన్ ఉంటుంది, దానికి ఇన్ని విలువలు ఈ వరుసలో అందించాలి అన్నది ఆ ఒప్పందం. పాత ప్రోగ్రాములు విరిగిపోయేంతగా ఒప్పందం మారినప్పుడే తయారీదారులు ఆ అంకెను పెంచుతారు. కాబట్టి 2 అడిగినచోట 3 పెట్టడం మెరుగైన వస్తువు ఇవ్వడం కాదు, వేరే వస్తువు ఇవ్వడం. అదృష్టం బాగుంటే ప్రోగ్రాము వెంటనే ఆగిపోతుంది. బాగాలేకపోతే నడుస్తున్నట్టే నడిచి మధ్యలో తప్పుడు పని చేస్తుంది.

ఇక మీ అసలు సమస్య. ఫ్యూజ్ అంటే వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్‌లో మార్పులు చేయకుండా, మామూలు వాడుకరి స్థాయిలోనే ఒక ఫైలు వ్యవస్థను తగిలించే ఏర్పాటు. యాప్‌ఇమేజ్ ఫైలులో ప్రోగ్రాము మొత్తం కుదించిన పొట్లంలా ఉంటుంది. నొక్కగానే దాన్ని విప్పి డిస్కు మీద పరచకుండా, టీఎమ్‌పీ ఫోల్డరులో ఒక తాత్కాలిక చోట తగిలించి, అక్కడి నుంచి నడుపుతారు. ఆ తగిలించే పనికే ఫ్యూజ్ కావాలి. ఉబుంటు 22.04 నుంచి లిబ్‌ఫ్యూజ్2 ముందుగా ఎక్కించి రావడం మానేసింది. అందుకే అంతకు ముందు పనిచేసిన యాప్‌ఇమేజ్‌లు ఆ విడుదలతో ఒక్కసారిగా మూగబోయాయి. కొత్త పద్ధతిలో కట్టిన యాప్‌ఇమేజ్‌లు ఈ లైబ్రరీని అడగవు. మీరు దించుకున్నది పాత పద్ధతిలో కట్టినదని ఎర్రర్‌ను బట్టి తెలుస్తున్నది.

మీరు ఇవ్వవలసిన కమాండ్: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఫ్యూజ్2టీ64. ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలను తెచ్చి ఎక్కించే ప్రోగ్రాము. ప్యాకేజీ చివర ఉన్న టీ64 గురించి మీకు అనుమానం రావచ్చు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ గండాన్ని దాటడానికి డెబియన్, ఉబుంటు వారు కాలాన్ని 64 బిట్లలో లెక్కించేలా లైబ్రరీలను మార్చుతూ, మార్చిన ప్యాకేజీల పేరు చివర టీ64 చేర్చారు. 22.04లో ఇదే ప్యాకేజీ పేరు లిబ్‌ఫ్యూజ్2 మాత్రమే. పాత వ్యాసాల్లో మీకు ఆ పేరే కనిపిస్తుంది.

ఒక హెచ్చరికను మాత్రం తేలికగా తీసుకోవద్దు. కొన్ని పాత వ్యాసాలు ఫ్యూజ్ అనే ప్యాకేజీని ఎక్కించమంటాయి. ఆ పని చేయకండి. అది వస్తూ వస్తూ ఫ్యూజ్3ను తొలగిస్తుంది, దాని మీద ఆధారపడిన డెస్క్‌టాప్ భాగాలు కూడా దానితో పాటు పోవచ్చు. ఆప్ట్ ఏ పని అయినా చేసే ముందు 'ఇవి తొలగించబడతాయి' అనే జాబితా చూపిస్తుంది. అక్కడ ఒక్క పేరు కనిపించినా ఎన్ నొక్కి వెనక్కి వచ్చేసి, ఇక్కడ అడగండి.

శాఖా_గ్రంథపాలకుడు | 12 నవంబరు 2025, ఉదయం 10.30

చదువరి గారికి కృతజ్ఞతలు. లింకును చూసి తొలగించాను. ఆ తర్వాత మీరు చెప్పిన ప్యాకేజీని ఎక్కించాను, తొలగింపుల జాబితాలో ఏమీ రాలేదు. ఫ్యూజ్ గురించిన ఎర్రర్ మాయమైంది. అయితే కిటికీ ఇంకా తెరుచుకోవడం లేదు. ఇప్పుడు వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా తెలుగు చేసి రాస్తున్నాను: 'ఎక్స్‌సీబీ అనే క్యూట్ ప్లాట్‌ఫారమ్ ప్లగిన్ దొరికినప్పటికీ దాన్ని లోడ్ చేయలేకపోయాము.' దాని కింద, ప్రోగ్రామును మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఈ సమస్య పోవచ్చని ఉంది. చివర అందుబాటులో ఉన్న ప్లగిన్ల జాబితా ఉంది, అందులో ఎక్స్‌సీబీ పేరు కూడా ఉంది. ఉన్నదని చెబుతూనే లోడ్ కాలేదనడం నాకు అర్థం కాలేదు.

తీరాంధ్ర_నెట్ | 12 నవంబరు 2025, ఉదయం 10.55

నిన్నటి నా సలహాకు క్షమించండి. చదువరి గారి వివరణతో నాకూ విషయం తెలిసింది. ఇప్పుడు వచ్చిన దానికి, ఎర్రరే చెబుతున్నట్టు మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే మేలనుకుంటున్నాను. కాకపోతే ఉబుంటునే కొత్తగా ఎక్కించుకోవచ్చు, గంటలో అయిపోతుంది.

గోదారి_గట్టు | 12 నవంబరు 2025, ఉదయం 11.30

తీరాంధ్ర గారూ, ఇందులో క్షమాపణకు తావు లేదు. కానీ ఉబుంటును మళ్ళీ ఎక్కించడం వల్ల ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం. లోపించిన వస్తువు ఉబుంటుతో పాటు రాదు. అందుచేత ఎన్నిసార్లు ఎక్కించినా అది రాదు. యాప్‌ఇమేజ్‌ను మళ్ళీ దించుకున్నా అదే ఫైలు వస్తుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్న మాట ఆ ఎర్రర్‌లో అందరికీ ఒకేలా వచ్చే వాక్యం, మీ కంప్యూటర్‌ను చూసి రాసినది కాదు.

గ్రంథపాలకుడు గారూ, 'దొరికినప్పటికీ' అన్న ఒక్క మాటను మళ్ళీ చదవండి. ఈ సమస్య మొత్తానికి తాళంచెవి అక్కడే ఉంది. క్యూట్ అంటే కిటికీలు, బటన్లు గీయడానికి ప్రోగ్రాములు వాడుకునే లైబ్రరీల సముదాయం, ఎక్స్‌సీబీ ప్లగిన్ దాన్ని తెరతో కలిపే ముక్క. ఆ ప్లగిన్ ఫైలు ఉన్నది. ఆ ప్లగిన్ తాను నిలబడడానికి అడిగిన మరో లైబ్రరీ లేదు. అందుకే పేరు చెప్పిన ఫైలు లోపించినది కాదు, లోపించిన ఫైలు పేరు ఎర్రర్‌లో లేదు. ఏది లోపించిందో ఊహించి ప్యాకేజీలు ఒక్కొక్కటీ ఎక్కిస్తూ పోవడం కన్నా, ఆ ప్లగిన్‌నే అడిగి తెలుసుకుందాము.

యాప్‌ఇమేజ్ ఫైలు పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, రెండు మైనస్‌లు, యాప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్ అని ఇచ్చి నడపండి. స్క్వాష్‌ఎఫ్‌ఎస్-రూట్ అనే ఫోల్డరు తయారవుతుంది. అందులో ప్లాట్‌ఫారమ్స్ అనే ఫోల్డరు వెతికితే లిబ్‌క్యూఎక్స్‌సీబీ.ఎస్ఓ అనే ఫైలు కనిపిస్తుంది. దాని మీద ఎల్‌డీడీ కమాండ్ నడిపి, 'నాట్ ఫౌండ్' అని ఉన్న వరుసలు మాత్రం ఇక్కడ రాయండి.

అక్షర_సేద్యం | 12 నవంబరు 2025, మధ్యాహ్నం 12.20

గట్టు గారూ, మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి, ఈ సందేహం నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. నేను హైదరాబాదులో ఫెడోరా అనే మరో రకం లైనక్స్ వాడుతున్నాను, నాకూ ఇలాంటి ఎర్రరే మరో ప్రోగ్రాముతో వచ్చింది. అప్పుడు నేను అసలు ప్రోగ్రాము ఫైలు మీదే ఎల్‌డీడీ నడిపాను. అన్ని లైబ్రరీలూ దొరికాయని చూపించింది. అయినా ప్రోగ్రాము నడవలేదు. అన్నీ ఉన్నాయని ఆ కమాండే చెప్పాక మరి లోపం ఎక్కడ ఉన్నట్టు?

గోదారి_గట్టు | 12 నవంబరు 2025, మధ్యాహ్నం 1.45

మంచి ప్రశ్న అడిగారండీ. ఎల్‌డీడీ అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన దానికి మాత్రమే జవాబిచ్చింది. పెళ్ళి వంటకు వచ్చిన వంటమేస్త్రి ముందురోజే సరుకుల చిట్టా రాసిస్తాడు. ఆ చిట్టాలో ఉన్నవన్నీ కొట్టు నుంచి వచ్చాయా లేదా అని సరిచూడడమే ఎల్‌డీడీ పని. కానీ వంట సగంలో ఉండగా మేస్త్రి తన సహాయకుడిని పిలిచి, 'నువ్వు స్వీటు సంగతి చూడు' అన్నాడనుకోండి. ఆ సహాయకుడికి కావలసిన కోవా పెద్ద చిట్టాలో ఉండదు. అది అతని సొంత చిట్టాలో ఉంటుంది.

క్యూట్‌తో రాసిన ప్రోగ్రాముల్లో ఈ ప్లగిన్ ఆ సహాయకుడి లాంటిది. ప్రోగ్రాము మొదలయ్యాక, ఇక్కడ తెర ఏ పద్ధతిలో ఉన్నదో చూసుకుని, అప్పటికప్పుడు దాన్ని పిలుస్తుంది. మొదటి ఎర్రర్‌లో మనకు కనిపించిన డీఎల్‌ఓపెన్ అంటే ఇలా నడుమ పిలవడమే. కాబట్టి ఎల్‌డీడీని ప్లగిన్ మీదే నడపాలి. దీనికి మరో దారి కూడా ఉంది. క్యూటీ_డీబగ్_ప్లగిన్స్ అనే పేరుకు 1 విలువ ఇచ్చి, అదే వరుసలో ప్రోగ్రామును నడిపితే, ప్లగిన్లను వెతికిన ప్రతి చోటునూ, లోడ్ కాకపోవడానికి కారణాన్నీ అది పేజీల కొద్దీ రాస్తుంది. పేరులోని ఇంగ్లీషు అక్షరాలన్నీ ఇక్కడ పెద్దవి.

మూలం_చదువరి | 12 నవంబరు 2025, మధ్యాహ్నం 2.10

గట్టు గారు చెప్పిన దానికి రెండు జాగ్రత్తలు చేర్చుతాను. ఎల్‌డీడీ కొన్ని సందర్భాల్లో ఆ ఫైలును నిజంగానే నడిపే అవకాశం ఉంది, అందుచేత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలు మీద దాన్ని వాడకూడదు. అలాంటి వాటికి రీడెల్ఫ్ మైనస్ డి ఇస్తే, నడపకుండానే 'నీడెడ్' అన్న వరుసల్లో చిట్టా చూపిస్తుంది.

రెండవది, విప్పిన ఫోల్డరులో ఎల్‌డీడీ నడిపినప్పుడు కొన్ని పేర్లు లేనట్టు కనిపించినా, అవి అదే పొట్లంలోని లిబ్ ఫోల్డరులో ఉండవచ్చు. 'నాట్ ఫౌండ్' అని వచ్చిన ప్రతి పేరునూ ముందు పొట్లంలో వెతకండి. అక్కడా లేకపోతేనే అది నిజంగా లోపించినట్టు.

శాఖా_గ్రంథపాలకుడు | 12 నవంబరు 2025, సాయంత్రం 4.05

ఒకే ఒక వరుస వచ్చింది: లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్.ఎస్ఓ.0, నాట్ ఫౌండ్. పొట్లంలో కూడా వెతికాను, అందులో లేదు. ఇన్ని పెద్ద పెద్ద లైబ్రరీలు దొరికి, చివరికి మౌస్ బాణం గుర్తుకు సంబంధించిన చిన్న ఫైలు లేక ప్రోగ్రాము మొత్తం ఆగిపోయిందా?

గోదారి_గట్టు | 12 నవంబరు 2025, సాయంత్రం 4.40

అవునండీ, సరిగ్గా అంతే జరిగింది. క్యూట్ 6.5 నుంచి, అంటే 2023లో వచ్చిన విడుదల నుంచి, ఎక్స్‌సీబీ ప్లగిన్‌కు ఈ లైబ్రరీ తప్పనిసరి అయింది. అంతకు ముందు విడుదలలకు అవసరం ఉండేది కాదు. అందుకే పాత క్యూట్‌తో కట్టినప్పుడు నడిచిన ప్రోగ్రాములే కొత్త క్యూట్‌తో కట్టగానే కొందరి దగ్గర ఆగిపోయాయి. ప్రోగ్రాము తయారీదారుల కంప్యూటర్లలో ఆ లైబ్రరీ ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది, వారికి లోటు కనిపించే అవకాశమే లేదు.

కమాండ్: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0. చివర ఉన్నది సున్నా, ఓ అక్షరం కాదు. అక్షర_సేద్యం గారికి ఫెడోరాలో ఇదే ప్యాకేజీ పేరు ఎక్స్‌సీబీ-యుటిల్-కర్సర్.

అక్షర_సేద్యం | 12 నవంబరు 2025, రాత్రి 8.15

నాలుగు నెలలుగా పక్కన పెట్టేసిన ప్రోగ్రాము ఇప్పుడు తెరుచుకుంది. గట్టు గారికి హృదయపూర్వక ధన్యవాదాలు.

శాఖా_గ్రంథపాలకుడు | 13 నవంబరు 2025, ఉదయం 11.00

మొదటి మూడు కంప్యూటర్లలో కిటికీ తెరుచుకుంది. నాలుగోదానితో చిక్కు వచ్చింది. అది స్కానరు ఉన్న గదిలో ఉంది, అక్కడ ఇంటర్నెట్ లేదు. కర్సర్ ప్యాకేజీని మరో కంప్యూటర్‌లో డెబ్ ఫైలుగా దించి, పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్ళి డీప్యాకేజ్ మైనస్ ఐతో ఎక్కించబోయాను. దీనికి లిబ్‌ఎక్స్‌సీబీ-ఇమేజ్0 కావాలి, అది లేదు అని ఆగిపోయింది. దాన్ని తెస్తే అది మరొకటి అడుగుతుందేమో, ఈ తిరుగుడు ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు.

మూలం_చదువరి | 13 నవంబరు 2025, మధ్యాహ్నం 12.30

డీప్యాకేజ్‌కు చేతిలో పెట్టిన ఫైలును ఎక్కించడం మాత్రమే తెలుసు, దానికి తోడు కావలసినవి ఎక్కడ ఉన్నాయో వెతకడం దాని పని కాదు. వెతికి తెచ్చేది ఆప్ట్. అందుచేత చిట్టా తయారు చేసే పనిని ఆప్ట్‌కే అప్పగించాలి, కానీ ఆ చిట్టా ఇంటర్నెట్ లేని కంప్యూటర్ పరిస్థితిని బట్టి తయారు కావాలి. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో తయారు చేస్తే, అక్కడ ముందే ఉన్నవాటిని ఆప్ట్ వదిలేస్తుంది, అవే ఇక్కడ లేకపోవచ్చు. మీకు జరిగినది బహుశా ఇదే.

వీలైతే అన్నిటికన్నా తేలికైన మార్గం, ఫోనును యూఎస్‌బీ తీగతో ఆ కంప్యూటర్‌కు తగిలించి, టెథరింగ్ ద్వారా పది నిమిషాలు ఇంటర్నెట్ ఇవ్వడం. ఈ ప్యాకేజీలు చాలా చిన్నవి, డేటా పెద్దగా ఖర్చు కాదు. ఆ గదిలో ఫోను సిగ్నలు కూడా అందకపోతే, నాలుగో కంప్యూటర్‌లో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ కమాండుకు ప్రింట్-యూఆర్ఐస్ అనే ఆప్షన్ జోడించి నడపండి. ఎక్కించే బదులు, తనకు లోపించిన ప్రతి ప్యాకేజీ చిరునామానూ అది రాసి ఇస్తుంది. ఆ చిరునామాల ఫైళ్ళన్నీ మరో చోట దించుకుని, ఒకే ఫోల్డరులో పెట్టి తీసుకువెళ్ళండి. అప్పుడు ఆ ఫోల్డరులో నిలబడి, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ తర్వాత చుక్క, గీత, నక్షత్రం, .డెబ్ అని ఇస్తే అన్నీ ఒకదానికొకటి చూసుకుని వరుసగా ఎక్కుతాయి.

నెల్లూరు_డీటీపీ | 13 నవంబరు 2025, మధ్యాహ్నం 3.20

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. మా షాపులో విండోస్ 11 ఉంది, ఇదే ప్రోగ్రాము విండోస్ రూపాన్ని ఎక్కిస్తే వీసీరన్‌టైమ్140_1.డీఎల్ఎల్ లేదని వస్తున్నది. ఆ పేరుతో వెతికితే ఆ ఒక్క ఫైలును ఉచితంగా ఇస్తామనే సైట్లు చాలా కనిపించాయి. వాటి నుంచి తెచ్చి సిస్టమ్32లో పెట్టవచ్చా?

మూలం_చదువరి | 13 నవంబరు 2025, సాయంత్రం 4.00

దయచేసి ఆ పని చేయకండి. ఆ సైట్లలో ఉన్న ఫైలు అసలుదో, మధ్యలో ఎవరైనా మార్చినదో మీకు తెలిసే మార్గం లేదు. పైగా మీ షాపులో జనం ఆధార్ నకళ్ళు, సర్టిఫికెట్లు ఉంటాయి. ఆ ఫైలు మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలో ఒక భాగం. దాన్ని మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోండి, 2015 నుంచి 2022 వరకు అన్ని విడుదలలకూ ఒకటే సరిపోతుంది. ప్రోగ్రాము 32 బిట్లదైతే మీ విండోస్ 64 బిట్లదైనా సరే ఎక్స్86 రూపమే ఎక్కించాలి. అనుమానం ఉంటే రెండూ ఎక్కించండి, అవి ఒకదానికొకటి అడ్డు రావు.

నెల్లూరు_డీటీపీ | 13 నవంబరు 2025, సాయంత్రం 5.10

ఎక్స్64 ఎక్కించగానే తెరుచుకుంది. ధన్యవాదాలు.

శాఖా_గ్రంథపాలకుడు | 14 నవంబరు 2025, ఉదయం 11.45

ఫోను తగిలించి నాలుగో కంప్యూటర్‌లోనూ ఎక్కించాను, పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇక అసలు పనికి వద్దామని ఒక పేజీ స్కాన్ తెరిచి, గుర్తించు అన్న బటన్ నొక్కితే, టెల్.ట్రెయిన్డ్‌డేటా ఫైలు తెరవలేకపోయామనీ, ఏ భాషనూ లోడ్ చేయలేకపోయామనీ వచ్చింది. భాషల జాబితాలో ఇంగ్లీషు ఒక్కటే ఉంది. ఈ ప్రోగ్రాము లోపల, అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ అనే సాధనాన్ని వాడుకుంటుందని దాని పరిచయంలో చదివాను.

అక్షర_సేద్యం | 14 నవంబరు 2025, మధ్యాహ్నం 12.25

దీనికి నేను జవాబు చెప్పగలను, వికీసోర్స్ పుస్తకాల కోసం నేను రోజూ టెసరాక్ట్ వాడుతున్నాను. ఇది కూడా డిపెండెన్సీయే (ప్రోగ్రాము నడవడానికి తోడు కావలసిన వస్తువే), కాకపోతే లోపించినది కోడ్ కాదు, భాష. అక్షరాల రూపాలను నేర్చుకుని దాచుకున్న ఫైలు ప్రతి భాషకూ విడిగా ఉంటుంది. తెలుగు ఫైలుకు పేరు టెల్, మూడు ఇంగ్లీషు అక్షరాలు. మిగతా చాలా చోట్ల తెలుగుకు టీఈ అనే రెండక్షరాలు వాడతారు కాబట్టి అదే ఇక్కడా ఇచ్చి, దొరకలేదని వెనక్కి పోయేవారు ఉన్నారు.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ అని ఇవ్వండి. ఉబుంటు 24.04లో ఆ ఫైలు /యూఎస్ఆర్/షేర్/టెసరాక్ట్-ఓసీఆర్/5/టెస్‌డేటా ఫోల్డరులోకి చేరుతుంది. అయితే మీది యాప్‌ఇమేజ్ కాబట్టి, తన పొట్లంలోని ఫోల్డరులోనే వెతుకుతూ ఉండవచ్చు. అలా అయితే టెస్‌డేటా_ప్రిఫిక్స్ అనే పేరుకు, పెద్ద అక్షరాల్లో, పై ఫోల్డరు దారిని విలువగా ఇచ్చి నడపండి. టెసరాక్ట్ 3 కాలం నాటి వ్యాసాలు టెస్‌డేటాకు పైన ఉన్న ఫోల్డరును ఇవ్వమంటాయి. 4 నుంచి టెస్‌డేటా ఫోల్డరునే ఇవ్వాలి. ఈ ఒక్క మెట్టు తేడాతో నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

శాఖా_గ్రంథపాలకుడు | 14 నవంబరు 2025, మధ్యాహ్నం 3.50

టెర్మినల్ నుంచి నడిపితే తెలుగు కనిపిస్తున్నది. ఐకాన్ నొక్కి తెరిస్తే మళ్ళీ ఇంగ్లీషు ఒక్కటే కనిపిస్తున్నది. మా దగ్గర ఈ పని చేయబోయేది ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు. వారిని రోజూ టెర్మినల్ తెరవమనడం నాకు ఇష్టం లేదు.

గోదారి_గట్టు | 14 నవంబరు 2025, సాయంత్రం 4.35

టెర్మినల్‌లో ఇచ్చిన విలువ ఆ టెర్మినల్ వరకే ఉంటుంది, దాని నుంచి పుట్టిన ప్రోగ్రాములకే అందుతుంది. ఐకాన్ నొక్కినప్పుడు ప్రోగ్రాము డెస్క్‌టాప్ నుంచి పుడుతుంది, ఆ విలువ దానికి తెలియదు. కాబట్టి ఐకాన్‌కే ఆ మాట చెప్పాలి. మీ హోమ్ ఫోల్డరులో .లోకల్/షేర్/అప్లికేషన్స్ లోపల, చివర .డెస్క్‌టాప్ అనే పేరుతో ఒక చిన్న పాఠం ఫైలు తయారు చేయండి. మొదటి వరుసలో చదరపు కుండలీకరణాల మధ్య డెస్క్‌టాప్ ఎంట్రీ అని ఉండాలి. తర్వాత టైప్‌కు అప్లికేషన్ అనీ, నేమ్‌కు మీకు నచ్చిన పేరూ ఇవ్వండి, పేరు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. ఎగ్జెక్ అన్న వరుసలో ముందు ఎన్వ్ అని రాసి, ఖాళీ వదిలి, టెస్‌డేటా_ప్రిఫిక్స్ సమానం ఫోల్డరు దారి, మళ్ళీ ఖాళీ, యాప్‌ఇమేజ్ పూర్తి దారి రాయండి. దారిని హోమ్ నుంచి మొదలుపెట్టి పూర్తిగా రాయాలి, మధ్యలో ఖాళీలు లేని ఫోల్డరు పేర్లు వాడితే చిక్కులు తగ్గుతాయి. ఇక ఆ పిల్లలు మెనూలో పేరు నొక్కితే చాలు.

శాఖా_గ్రంథపాలకుడు | 15 నవంబరు 2025, సాయంత్రం 5.30

నాలుగు కంప్యూటర్లలోనూ 'అక్షరశాల' అనే పేరుతో మెనూలో పెట్టాను, నాలుగింటిలోనూ తెలుగు కనిపిస్తున్నది. ఈ రోజు విద్యార్థినులు పదకొండు పేజీలు చేశారు. అచ్చు స్పష్టంగా ఉన్న పేజీలు చాలావరకు సరిగ్గానే వచ్చాయి. అరసున్న ఉన్న చోట్ల, సిరా పలచబడిన వత్తుల దగ్గర చేతితో దిద్దవలసి వస్తున్నది.

ప్రోగ్రాము తయారీదారులకు నిన్న రాత్రే ఉత్తరం రాశాను. లిబ్‌ఫ్యూజ్2 అడగని కొత్త పద్ధతిలో యాప్‌ఇమేజ్ కట్టమని, కర్సర్ లైబ్రరీని పొట్లంలోనే చేర్చమని, వ్యవస్థలోని టెస్‌డేటా ఫోల్డరును కూడా వెతకమని కోరాను. గట్టు గారు చెప్పినట్టు ఎల్‌డీడీ చూపించిన వరుసను ఉన్నదున్నట్టుగా జతచేశాను. కర్సర్ లైబ్రరీని తర్వాతి విడుదలలో చేర్చుతామని ఈ మధ్యాహ్నం జవాబు వచ్చింది. మిగతా రెండూ పరిశీలిస్తామన్నారు.

ఒక్క ప్రశ్న మిగిలి ఉంది. టెసరాక్ట్ తెలుగు ఫైలులో 'ఫాస్ట్', 'బెస్ట్' అని రెండు రకాలు ఉన్నాయని చదివాను. పాత అచ్చుకు రెండవది మేలా?

అక్షర_సేద్యం | 15 నవంబరు 2025, రాత్రి 9.10

ఆప్ట్ ద్వారా మీకు వచ్చినది ఫాస్ట్ రకం. బెస్ట్ రకం నెమ్మదిగా నడుస్తుంది, పాత కంప్యూటర్లలో ఆ తేడా బాగా తెలుస్తుంది. నా అనుభవంలో పాత అచ్చు విషయంలో ఫైలు మార్చడం కన్నా, 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, పేజీ వంకరను సరిచేయడం వల్లే ఎక్కువ ప్రయోజనం కనిపించింది. అయినా పోల్చి చూడడం మంచిదే. బెస్ట్ ఫైలును వ్యవస్థ ఫోల్డరులో పెట్టకుండా, మీ హోమ్‌లో వేరే టెస్‌డేటా ఫోల్డరు చేసుకుని అందులో పెట్టండి. గట్టు గారు చెప్పిన .డెస్క్‌టాప్ ఫైలుకు నకలు తీసి, నేమ్ మార్చి, ప్రిఫిక్స్ దారిని ఆ ఫోల్డరుకు మార్చండి. మెనూలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. అరసున్నలు ఎక్కువగా ఉన్న ఒక్క పేజీని రెండింటితోనూ నడిపి, ఏది ఎన్ని తప్పులు చేసిందో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. నా దగ్గర ఉన్న పుస్తకాలకూ ఆ లెక్క పనికి వస్తుంది.